గుద్దు పడేలోపు

మా పిన్నికి యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పి ఉంది, దగ్గరి చూపుకి కళ్ళజోడు ఉంది, రోజుకోసారి పోయి మళ్ళీ దొరికే తాళంచెవుల గుత్తి ఉంది. వృత్తిరీత్యా మాత్రం ఆవిడ ఇంకా మీసం కూడా మొలవని కుర్రాడు.

జపాన్ నుంచి వచ్చే ఆ ఫైటింగు కార్టూన్ మీరు చూసే ఉంటారు. చూడకపోతే జీవితంలో ఏదో ఒక పనికొచ్చే పని చేసి ఉంటారు, సంతోషం. ముళ్ళకంప లాంటి జుట్టు, నడుముకి ఎర్రగుడ్డ, ఎప్పుడు చూసినా బిగించే ఉండే పిడికిలి, ఇదీ హీరో వాలకం. పొట్టివాడు కాబట్టి అందరూ వాణ్ణి బుడ్డోడు అంటారు. వాడికో శత్రువు ఉన్నాడు. ఆ శత్రువు చేసే పనల్లా చూడటం. కొండ అంచున నిలబడి, రెప్పయినా వేయకుండా, గుడ్లప్పగించి చూస్తూ ఉంటాడు. వాడికి మా ఇంట్లో పెట్టిన పేరు గుడ్లగూబ. బుడ్డోడు గుడ్లగూబని ఒక గుద్దు గుద్దాలి. కథంతా ఇంతే. ఆ గుద్దు కోసం ఎదురుచూస్తూ నేను స్కూలు ముగించాను, కాలేజీలో చేరాను, కాలేజీ కూడా ముగించాను. అప్పటికీ పిడికిలి ఎక్కడ లేచిందో అక్కడే ఉంది.

ఒక ఎపిసోడ్ ఎలా ఉంటుందో చెబితే మిగతావన్నీ చెప్పినట్టే. ముందు పోయినవారం ఏం జరిగిందో చూపిస్తారు. పోయినవారం ఏమీ జరగలేదు కాబట్టి అది చూపించడానికి చాలాసేపు పడుతుంది. తర్వాత పాట. తర్వాత బుడ్డోడు చూస్తాడు. గుడ్లగూబ చూస్తాడు. ఇద్దరి మధ్యా ఒక గులకరాయి దొర్లుతుంది. పక్కన నిలబడ్డ స్నేహితుల నోళ్ళు తెరుచుకుంటాయి, వాళ్ళలో ఒకడు "అంటే..." అంటాడు, ఇంకొకడు "అంటే ఇప్పుడు..." అంటాడు. అంటే ఏమిటో ఎవడూ చెప్పడు. చెప్పేలోపు బుడ్డోడికి చిన్నతనం గుర్తొస్తుంది. ప్రకటనలు. మళ్ళీ అదే చూపు, ఈసారి అవతలి పక్కనుంచి. వచ్చేవారం కలుద్దాం.

అక్కడ ఈ కార్టూనుకి మూలమైన బొమ్మల పుస్తకం గీసే ఆయన నెమ్మదిగా గీస్తాడనీ, కార్టూను ఆయన్ని దాటిపోకూడదు కాబట్టి సాగదీస్తారనీ అభిమానులు ఓపిగ్గా వివరిస్తారు. కారణం తెలిస్తే విసుగు తగ్గుతుందని వాళ్ళకి ఎవరు చెప్పారో మరి.

తెలుగులో బుడ్డోడి గొంతు మా పిన్నిది. మొదట్లో ఒక నిజం కుర్రాడే చెప్పేవాడు. కథ కదలకపోయినా కుర్రాడి వయసు కదులుతుంది కదా, ఒకరోజు "నిన్ను వదలను" అనబోయి సగం సన్నగా, సగం బొంగురుగా అన్నాడు. వాడి గొంతు పగిలింది. గుంపులో అరుపులు అరవడానికి వచ్చిన మా పిన్నిని ఆ ఒక్కరోజుకి మైకు ముందు నిలబెట్టారు. ఆడదాని గొంతు అలా పగలదు కాబట్టి ఆ ఒక్కరోజు ఏళ్ళు గడిచినా అవలేదు.

డబ్బింగు జరిగేది పాత టైర్ల గోడౌను పై అంతస్తులో. గోడలకి నల్లటి స్పాంజి, ఒక మైకు, ఒక తెర, కాగితాలు పెట్టుకునే స్టాండు. కింద లారీ హారను కొడితే టేకు పోయినట్టే. ఏసీ చప్పుడు చేస్తుందని టేకు మొదలవగానే ఆపేస్తారు. లోపలికి వాచీతో వెళ్ళకూడదు, గరగరలాడే బట్టలు కట్టకూడదు, ఆకలితో వెళ్ళకూడదు. కడుపులో చప్పుడు కూడా మైకు పట్టేస్తుంది. కాళ్ళు కదపకూడదు, చేతులు మాత్రం ఎలా ఆడించినా ఎవరూ ఏమీ అనరు. పిన్ని ఎడమ చేతిలో చేతిరుమాలు ఉంటుంది. బుడ్డోడు పిడికిలి బిగించినప్పుడల్లా అది పిండుతుంది. ఇన్నేళ్ళలో ఎన్ని రుమాళ్ళు పీలికలయ్యాయో గానీ గుడ్లగూబకి ఒక్క గీత పడలేదు.

సాగదీసిన కార్టూన్‌కి గొంతివ్వడంలో ఒక విచిత్రం ఉంది. నోరు కదిలే చోట మాట చెప్పడం తేలిక. నోరు కదలని చోటే చచ్చే చావు. బొమ్మ అలా బిగుసుకుని నిలబడితే జనం టీవీ పాడైందనుకుంటారట, అందుకని మధ్యలో ఊపిరి వినిపించాలి. "హ్..." అనాలి. "గ్ఁ..." అనాలి. పళ్ళు కొరకాలి. ఇవన్నీ రియాక్షన్లు. ఒక్కో ఎపిసోడ్‌లో బుడ్డోడు చెప్పే మాటలు గుక్కెడు, తీసే ఊపిర్లు బిందెడు. పిన్ని స్టూడియో నుంచి ఇంటికొచ్చి సోఫాలో కూలబడితే, ఇవాళ ఏం చేశావు పిన్నీ అని అడిగేదాన్ని. రోజంతా ఆయాసపడ్డానే, అనేది.

డబ్బింగు డైరెక్టరుని పిన్ని ఫీల్ గారు అంటుంది. ఎదురుగా కాదులెండి. ఆయన టేకు కళ్ళు మూసుకుని వింటాడు, తల అడ్డంగా ఊపుతాడు, ఫీల్ రాలేదమ్మా అంటాడు. ఏ ఫీల్ రాలేదో అడిగితే అది చెప్పేది కాదంటాడు. ఆయనకి ఇంకో అలవాటు కూడా ఉంది. రికార్డింగు జరిగేటప్పుడు ఎపిసోడ్ మొదలు వింటాడు, చివర వింటాడు, మధ్యలోది వినడు. మధ్యలో ఎలాగూ ఏమీ జరగదు కదా అని ఆ సమయంలో బయటికెళ్ళి ఫోన్లు మాట్లాడుకుంటాడు. మొదట్లో అదో సౌకర్యం, రానురాను అదే పద్ధతి అయిపోయింది. అంత సాగదీసిన వస్తువుని తయారుచేసేవాళ్ళే కూర్చుని చూడలేకపోతే, చూసేవాళ్ళని ఏమనాలి?

చూసేవాళ్ళలో మొదటి వ్యక్తి పిన్నివాళ్ళ అత్తగారు. నేను ఆవిడని మామ్మ అంటాను. కార్టూను వచ్చే వేళకి మామ్మ టీవీ ముందు కుర్చీ లాక్కుని, చెవి అటు పెట్టి, కాళ్ళు స్టూలు మీద పెట్టి కూర్చునేది. బాబాయి ఆ గది ఛాయలకి కూడా వచ్చేవాడు కాదు. పిన్నికి పిల్లలు లేరు. మామ్మ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు, కానీ బుడ్డోణ్ణి మాత్రం "నీ కొడుకు" అనేది. అది వెటకారమో ముద్దో పిన్ని ఎప్పుడూ తేల్చుకోలేదు, తేల్చమని అడగనూ లేదు.

"ఏమ్మా, నీ కొడుకు ఇవాళన్నా కొట్టాడా?"

"లేదత్తయ్యా. ఆలోచిస్తున్నాడు."

"ఏం ఆలోచన తల్లీ అంతసేపు? పెళ్ళిసంబంధమా?"

ఇది ప్రతివారం నడిచేది. పిన్ని కూడా తక్కువేం తినలేదు, బుడ్డోణ్ణి తిట్టడంలో మామ్మకంటే రెండాకులు ఎక్కువే చదివింది. వాడు చేతకానివాడనీ, పిడికిలి ఉన్నది బిగించి పెట్టుకోవడానికే అనుకుంటున్నాడనీ, గుడ్లగూబకి వాడి మీద కోపం కాదు జాలి వేస్తుండాలనీ అనేది. అన్నీ అనేసి, మర్నాడు పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు తాగి గొంతు సవరించుకుని బయల్దేరేది. మానేయొచ్చుగా పిన్నీ అని ఒకసారి స్కూటర్ మీద దింపుతూ అడిగాను. గొంతు ఎప్పుడు చూసినా గీరుకుపోయి ఉండేది మరి. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, వెనకనుంచి చెవి దగ్గరగా చెప్పింది.

"ఆ గుద్దు పడ్డాక మానేస్తానే. ఇన్నేళ్ళు వాడి ఆయాసం పడ్డాను. కొట్టేటప్పుడు కూడా నేనే ఉండాలి. ఇంకెవరో వచ్చి కొట్టిపోతే నేను ఊరుకోను."

ఆవిడ జీవితంలో ఇది కావాలి అని గట్టిగా అన్నది నేను విన్నంతవరకు ఇదొక్కటే.

సరిగ్గా అప్పుడే బుడ్డోడు పెద్దవాడయ్యాడు. ఒక్క గుద్దు కొట్టడానికి ఏళ్ళ తరబడి తీరిక లేనివాడికి ఎదగడానికి ఒక్క ఎపిసోడ్ కూడా పట్టలేదు. తెర నల్లబడింది, "కొన్నేళ్ళ తర్వాత" అని పడింది, వెలుగొచ్చేసరికి భుజాలు, కండలు, దవడ. జుట్టు మాత్రం అదే ముళ్ళకంప. ఎదురుగా కొండ అంచున గుడ్లగూబ అలాగే చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ వాడు అక్కడే నిలబడ్డాడా, మధ్యలో ఇంటికెళ్ళి వచ్చాడా అన్నది కథ చెప్పలేదు.

ఫీల్ గారు పిన్నిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఇక మగ గొంతు కావాలమ్మా అన్నాడు. టీ తెప్పించినప్పుడే పిన్నికి అర్థమైందట. ఇలాంటి కార్టూన్లలో హీరో పెద్దవాడైనా ఆడగొంతే కొనసాగించడం జపాన్‌లో మామూలేనని చెప్పింది. అక్కడ చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు అన్నాడు ఆయన. అయితే ఒక్కసారి విని చూడండి అని పిన్ని మైకు ముందుకెళ్ళింది. గొంతు దించింది. కొత్త మనిషి గొంతు కాదు, అదే బుడ్డోడు, చలికాలాలు కొన్ని గడిచినట్టు, ఎవరినో పోగొట్టుకున్నట్టు, కాస్త బరువుగా. సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్స్ తీసి అద్దంలోంచి బొటనవేలు చూపించాడు. ఫీల్ గారు కళ్ళు తెరిచి చాలాసేపు ఆలోచించాడు.

"ఫీల్ ఉందమ్మా," అన్నాడు. "మీసం లేదు."

ఆ మాట పిన్ని ఇంటికొచ్చి చెబుతూ నవ్వింది. నవ్వుతూనే లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

కొత్త గొంతు ఒక సిమెంటు ప్రకటనలాయనది. రేడియో పెడితే వినిపించే గొంతు, కట్టడాల గురించీ, దృఢత్వం గురించీ, తరతరాల నమ్మకం గురించీ చెప్పే గొంతు. మనిషి మంచివాడే. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన, అందరికీ నమస్కారం. పిన్ని ఆయనకి సిమెంటు అని పేరు పెట్టింది. ఆయన పలికితే పదం చివర గోడ లేస్తుంది. "నిన్ను వదలను" అంటే శత్రువుకి పూచీకత్తు ఇస్తున్నట్టు ఉంటుంది.

ఆ వారం మామ్మ ఎప్పట్లాగే కుర్చీ లాక్కుంది. పిన్ని వంటింట్లో గిన్నెలు కడుగుతోంది, కొళాయి కావలసినదానికంటే ఎక్కువ తిప్పి. తెర మీద కండలు తిరిగిన బుడ్డోడు నోరు తెరిచాడు. మామ్మ ముందు టీవీ వైపు, తర్వాత వంటింటి వైపు, మళ్ళీ టీవీ వైపు చూసింది.

"ఎవడే వీడు? మనవాడి నోట్లోకి ఎవడో దూరాడు."

పెద్దవాడయ్యాడు మామ్మా అన్నాను. పెద్దవాడైతే పరాయివాడైపోతాడా అని ఆవిడ నా మీద ఎగిరింది. తర్వాత, "సిమెంటు బస్తా మింగినట్టున్నాడు," అంది. ఆయన సిమెంటు మనిషేనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కొళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. పిన్ని బయటికి రాలేదు.

నాకు మండింది. మీసం కావాలంటే మీసం బొమ్మలో గీస్తారు, గొంతులో కాదు. తెర మీద ఉన్నది రెండు గీతలూ నాలుగు రంగులూ. దానికి ప్రాణం ఎక్కడిదో తెలియనివాడు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుని ఫీల్ అంటాడు. అభిమానుల సంగతి ఇంకా ఘోరం. ఇంటర్నెట్‌లో వాళ్ళు సిమెంటు గొంతు విని పొంగిపోయారు. ఇప్పుడు స్థాయి పెరిగింది, ఇంటర్నేషనల్‌గా ఉంది అని రాశారు. అదే జనం మళ్ళీ, అసలు జపాన్ గొంతుతోనే చూడాలి, డబ్బింగు చూసేవాళ్ళు చిన్నపిల్లలు అని కూడా రాశారు. రెండూ ఒకే మనిషి ఒకే పూట రాయగలడు.

అయితే ఫీల్ గారు ఒక్క సంగతి మరిచిపోయాడు. మరవడం కూడా కాదు, ఆయనకి తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే ఎపిసోడ్‌ల మధ్యలో ఏముంటుందో ఆయన ఎన్నడూ వినలేదు. బుడ్డోడు పెద్దవాడైతే అయ్యాడు గానీ, పెద్దవాడైన బుడ్డోడికి చిన్నతనం గుర్తొస్తుంది కదా. చిన్నప్పుడే చిన్నతనం గుర్తొచ్చేది వాడికి. ఇప్పుడు ఇంకెంత గుర్తు రావాలి?

ప్రతి ఎపిసోడ్‌లోనూ కండల బుడ్డోడు పిడికిలి ఎత్తి "హుఁ" అంటాడు. అంతే, వెంటనే తెర పసుపురంగుకి తిరుగుతుంది, చిన్న బుడ్డోడు వాగు ఒడ్డున గురువుతో మాట్లాడుతుంటాడు, చెట్టు కింద ప్రమాణం చేస్తుంటాడు. మాటలన్నీ వాడివే. సిమెంటు గారు చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెట్లెక్కి, వాచీ తీసి పక్కన పెట్టి, "హుఁ" అని, వాచీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోవలసి వచ్చింది.

పాత ముక్కలు ఉన్నాయిగా, అవి అతికిద్దాం అన్నాడు ఫీల్ గారు. ఇంజనీరు వెతికాడు. అప్పుడు బయటపడింది అసలు దరిద్రం. ఆ చిన్నతనం మనకి తెలిసిన చిన్నతనం కాదు. చిన్నప్పటి కథ అంతా మనం ఏళ్ళ తరబడి కళ్ళారా చూశామా, అందులో ఆ వాగు లేదు, ఆ గురువు లేడు, ఆ చెట్టు కింద ప్రమాణం లేదు. ఇవన్నీ ఎప్పుడు జరిగాయో బుడ్డోడికే తెలియాలి. ఇంతకుముందు ఎక్కడా చూపించని జ్ఞాపకాలన్నీ కొత్తగా గీసి పంపిస్తున్నారు. పాత ముక్క ఒక్కటీ అతకదు.

సిమెంటు గారినే సన్నగా చెప్పమన్నారు. ఆయన నిజాయితీగా ప్రయత్నించాడట, చెవులు ఎర్రబడేదాకా. బాత్రూములో జారిపడ్డ పెద్దమనిషిలా వచ్చింది. కంప్యూటర్లో గొంతు సన్నబరిచారు. చెవిలో దోమ దూరినట్టు వచ్చింది. వేరే అమ్మాయిని పిలిస్తే ఆ అమ్మాయి మాటలు బాగానే చెప్పింది, ఊపిరి దగ్గర చేతులెత్తేసింది. కళ్ళు తిరుగుతున్నాయని కూర్చుండిపోయింది.

ముందు ఇంజనీరు ఫోను చేశాడు. అక్కా, కాస్త రావాలి అన్నాడు. నువ్వెప్పుడు పిలిచినా టీకి వస్తాను తమ్ముడూ, పనికైతే ఆయన్ని పిలవమను అని పిన్ని పెట్టేసింది. మర్నాడు ఫీల్ గారే చేశాడు. పిన్ని స్పీకరు పెట్టింది, మామ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఆయన చాలా నీళ్ళు నమిలాడు. కథ డిమాండ్ చేస్తోందమ్మా అన్నాడు. కళ గురించి కాస్త, బంధం గురించి కాస్త చెప్పాడు. బుడ్డోడు చేసే పనే ఆయనా చేశాడు, చెప్పవలసిన మాట చుట్టూ తిరిగి తిరిగి అక్కడే నిలబడ్డాడు. పిన్ని ఓపిగ్గా వింది.

"వస్తాను గానీ ఒకటి. గుద్దు పడే ఎపిసోడ్‌లో నేనుండాలి. ఆ రోజు చిన్నవాడికి మాట ఉన్నా లేకపోయినా నన్ను లోపల నిలబెట్టాలి."

దానికేం భాగ్యమమ్మా అన్నాడు ఆయన. అసలు పడితే కదా, అని కూడా అన్నాడు. ఆయన నోట నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

పిన్ని మళ్ళీ మెట్లెక్కింది. తెర మీద చిన్న బుడ్డోడు నడిచాడు, పరిగెత్తాడు, వాగులో రాళ్ళు వేశాడు, గురువుని ప్రశ్నలడిగాడు. మామ్మ సర్దుకుంది. కండలవాడు వచ్చినప్పుడల్లా ముఖం తిప్పుకునేది, పసుపురంగు రాగానే మళ్ళీ తిరిగేది. మొత్తం మీద పిన్నికి ఇదివరకటికంటే ఎక్కువ పని తగిలింది. సిమెంటు గారికి మాత్రం ఎప్పుడు చూసినా "హుఁ". ఆయన ఒకసారి పిన్నితో, మేడమ్, మా ఇంట్లో నేను హీరోనని చెప్పుకున్నాను, ఏ వారం చూసినా మా పాప నాన్నా నువ్వెప్పుడొస్తావు అని అడుగుతోంది అన్నాడట. పిన్నికి అప్పటిదాకా ఆయన మీదున్న కోపం ఆ మాటతో పోయింది. మిగిలిందంతా గుడ్లగూబ మీదే.

అప్పుడు ఒకరోజు నిజంగానే ఆ ఎపిసోడ్ వచ్చింది. ఇంజనీరు ముందుగా చూసి పిన్నికి ఫోను చేశాడు. అక్కా, కొడుతున్నాడు అన్నాడు.

నేను స్కూటర్ తీశాను. ఆ రోజు లోపల ఇంజనీరు పక్కన ఒక మూల కూర్చోనిచ్చారు. ఫీల్ గారు మొదటి ముక్క విన్నాడు. బుడ్డోడు పిడికిలి ఎత్తడం, సిమెంటు గారి "హుఁ". కళ్ళు మూసుకుని, తల నిలువుగా ఊపి, ఫీల్ వచ్చింది అన్నాడు. తర్వాత పసుపురంగు రాగానే ఫోను పట్టుకుని అలవాటుగా బయటికి నడిచాడు.

తెర మీద చిన్న బుడ్డోడు కొండ మీద నిలబడి ఉన్నాడు, మనకి వీపు పెట్టి. ముఖం కనిపించదు, మూతి కనిపించదు. కింద లోయ, పైన మబ్బులు. ఆ మబ్బులు ఎంత నెమ్మదిగా కదులుతాయంటే, వాటిని గీసినవాడికి కూడా ఆ రోజు వేరే పని లేదని తెలిసిపోతుంది. వాడు పెద్దయ్యాక కాబోయే తనతో మాట్లాడుతున్నాడన్నమాట. స్టాండు మీద కాగితం నిండా మాటలు. స్నేహమంటే ఏమిటో, పట్టుదలంటే ఏమిటో, రేపటి సూర్యుడు ఎవరి కోసం ఉదయిస్తాడో, ఓడిపోవడం కూడా ఎందుకు గెలుపో. ఈ మాటలన్నీ బుడ్డోడు ఇదివరకే చెప్పాడు. నిద్రలో లేపి అడిగినా నేనే అప్పజెబుతాను.

రిహార్సల్లో పిన్ని వాటిని వరసగా చదివింది. ఒక్క ముక్క వదలలేదు. తర్వాత కళ్ళజోడు తీసి స్టాండు మీద పెట్టింది. కళ్ళజోడు లేకపోతే ఆవిడకి ఆ కాగితం మీద ఏమీ కనబడదు. ఇంజనీరు అది చూశాడు, అయినా టేకు అన్నాడు. ఏసీ ఆగింది.

బుడ్డోడి వీపు. మబ్బులు. పిన్ని మొదట ఊపిరి తీసింది. ఆ ఊపిరి మాత్రం ఎప్పటిలాంటిదే, గుండెల్లోంచి వచ్చి పళ్ళ దగ్గర ఆగేది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. కాగితంలో ఉన్న సూర్యుడు, స్నేహం, పట్టుదల అన్నీ ఒకదాని వెనక ఒకటి మాట లేకుండానే దాటిపోయాయి. మబ్బులు కదిలాయి. చేతిలో రుమాలు పిండలేదు, వదులుగా వేలాడుతోంది. ముక్క ఇంక అయిపోతుందనగా, ఆ కుర్రాడి గొంతుతో, విసుగ్గా, ఇంట్లో మామ్మతో అన్నట్టుగా అంది.

"ఇంక చాలు. కొట్టు."

ఇంజనీరు అద్దంలోంచి ఆవిడ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. తలుపు అవతల ఫీల్ గారు ఫోనులో ఎవరికో కళ గురించి చెబుతున్నాడు. ఇంజనీరు నోట్లో ఉన్న పెన్ను మూత తీసి బల్ల మీద పెట్టి, ఓకే అక్కా అన్నాడు.

తర్వాతి ముక్క సిమెంటు గారిది. పాపం ఆయనకి ఆ ముక్కకి ముందు ఏం ఉందో వినిపించాలి కదా, ఎక్కడ అందుకోవాలో తెలియడానికి. హెడ్‌ఫోన్స్‌లో ఆయన ఆ రెండు మాటలూ విన్నాడు. ముఖం మారింది. ఆ గొంతులోంచి గోడలన్నీ కూలిపోయాయి. ఇన్నాళ్ళూ "హుఁ" అంటూ ఆ చొక్కాలో దాచుకున్నదంతా అరిచాడు. కింద టైర్ల గోడౌనులోంచి ఎవరో పైకి తొంగిచూశారు. తెర మీద పిడికిలి కదిలింది. గుడ్లగూబ ముఖం మీద పడింది.

ఫీల్ గారు ఆ చివరి ముక్క వినడానికి సమయానికి వచ్చాడు. బ్రహ్మాండం అన్నాడు. మధ్యలోది అడగలేదు.

ప్రసారమైన రోజు బాబాయి కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పిన్ని ఈసారి వంటింట్లో లేదు, మామ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. పిడికిలి లేచింది. పసుపురంగు వచ్చింది. మామ్మ నిట్టూర్చి, మళ్ళీ మొదలుపెట్టాడమ్మా నీ కొడుకు అంది. వీపు, మబ్బులు, ఊపిరి. ఎంతకీ మాట రాకపోయేసరికి మామ్మ ముందుకి వంగింది. టీవీలోంచి ఆ రెండు మాటలు వచ్చాయి, గుద్దు పడింది. మామ్మ కుర్చీ చేతి మీద ఒక్కటి చరిచి, పిన్ని తల మీద చెయ్యి పెట్టింది.

"అదీ. నీ చేత్తోనే కొట్టావు."

పిన్ని కళ్ళజోడు తుడుచుకుంది, చాలాసేపు.

ఆ తర్వాత జరిగినదంతా ఊహించగలిగిందే. అభిమానులు పేజీలకి పేజీలు రాశారు. అంతసేపు మౌనం పెట్టి రెండే మాటలు పెట్టడంలో తత్త్వం ఉందన్నారు. జపాన్ గొంతులో అయితే ఇంకా లోతుగా ఉందని, అది వినకుండానే ఒకడు రాశాడు. ఫీల్ గారికి ఎవరో ఫోను చేసి మెచ్చుకుంటే, ఆయన మొదట బిత్తరపోయి, తర్వాత మధ్యలోది మొదటిసారి తెప్పించుకుని విని, మౌనం నా ఆలోచనే అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పిన్నిని ఒక్క మాట అనలేదు. అంటే తాను వినలేదని ఒప్పుకోవాలి కదా.

అనుకున్న గుద్దు పడింది కాబట్టి పిన్ని మానేసింది. గోరువెచ్చని నీళ్ళు మానేసింది, వాచీ మళ్ళీ పెట్టుకుంది. కానీ ఆ గుద్దు తిన్న గుడ్లగూబ పడాలిగా. వాడు కొండ మీంచి పడటం మొదలుపెట్టాడు. ఆ వారమంతా పడ్డాడు. పైవారం కూడా పడుతూనే ఉన్నాడు, జుట్టు పైకి లేచి, నోరు తెరుచుకుని. అలా పడుతూ పడుతూ, సగం లోయ దాటాక, తెర పసుపురంగుకి తిరిగింది. గుడ్లగూబకి కూడా చిన్నతనం ఉందట.

ఫీల్ గారు ఈసారి తానే ఫోను చేశాడు, చిన్న గుడ్లగూబకి గొంతు కావాలని తిన్నగా విషయానికి వచ్చేశాడు. మాట పూర్తయ్యేలోపే మామ్మ కుర్చీలోంచి అడ్డం తగిలింది. శత్రువుకి గొంతు అరువిస్తే తాను ఆ టీవీ ముందు కూర్చోనని, అన్నం కూడా గదిలోకే పంపమని చెప్పింది. పిన్ని ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి ఆవిడ వైపు చూసింది, తెర మీద పడుతున్నవాడి వైపు చూసింది.

"నేను చెప్పకపోతే వీడు కిందికి చేరడత్తయ్యా," అంది. "ఇలాగే గాల్లో ఉంటాడు. ఒక్క వారం. నేలకి కొట్టేసి వచ్చేస్తాను."

మామ్మ మూతి తిప్పుకుంది. పిన్ని వాచీ తీసి బల్ల మీద పెట్టి, తాళంచెవులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.